బర్బన్ అడిగితే స్కాచ్ ఇస్తారేంటి?

అనంతపురంలో ఏ వైన్ షాపులో బర్బన్ అనే అమెరికన్ విస్కీ అడిగినా ఒకటే మాట. "అది లేదన్నా, స్కాచ్ తీసుకో. ఏదైనా విస్కీనే కదా!"

ఎట్లా అవుతుందన్నా? సింగిల్ మాల్ట్ స్కాచ్ బార్లీతో చేస్తారు. బర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే ఉంచాలి. బయటి నుంచి రంగు, ఫ్లేవర్ కలపకూడదు. ఆ వెనీలా, కారమెల్ వాసనంతా కాలిన చెక్క ఇచ్చిందే. మొక్కజొన్నకు తోడు రై అనే ధాన్యం ఎక్కువ పడితే మిరియాల ఘాటు తగులుతుంది, మేకర్స్ మార్క్ అనే బర్బన్ బ్రాండ్‌లో లాగా గోధుమ వేస్తే మెత్తగా దిగుతుంది. ఈ తేడాలు పక్కపక్కన పెట్టుకుని రుచి చూడాలని ఎంత ఆశో నాకు! చూద్దామంటే సీసాలేవీ?

2025 ఫిబ్రవరిలో బర్బన్ మీద దిగుమతి సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గించారని చదివి నిజంగా సంబరపడ్డాను. వంద శాతమూ తక్కువేం కాదు, ఆపైన రాష్ట్రం పన్నులు. మా షాపు అరలో మాత్రం అవే పాత సీసాలు. బెంగళూరులో ఉండేవాళ్లు ఫోన్లో పేర్లు చదువుతుంటే కడుపు మండుతుంది.

ఎట్లాగో ఒక మంచి సీసా దొరికిందా, ఫ్రెండ్స్ వచ్చి గ్లాసు నిండా కూల్‌డ్రింక్ పోసేస్తారు. ముందు ఒక్క గుక్క నీట్‌గా తాగి చూడరా, తర్వాత నీ ఇష్టం అంటే ఒక్కడూ వినడు.