నాకు ఫిట్స్ లేవు, నమ్మండి

ముందు ఒక విషయం తేలిపోవాలి. నాకు ఫిట్స్ లేవు. మా ఇంటా వంటా లేవు. నిన్న పొద్దున నల్గొండ నుంచి దేవరకొండ వెళ్లే బస్సులో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పక్కన కూర్చున్న వాళ్లకు కూడా కాస్త చెప్పండి.

దీనికంతటికీ మూలం మా షడ్డకుడు. ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చాడు. నాటుకోడి కూర రెండోసారి వడ్డించుకుంటూ, "తమ్మీ, ఈ కాలం తిండిల బలం లేదు" అన్నాడు. ఈ మధ్య ఆయన ఒక చైన్ కంపెనీలో చేరాడు. కింద ఇంకో నలుగురిని చేర్పిస్తే థాయిలాండ్ టూరట. యాంటీ ఆక్సిడెంట్లు, ఇమ్యూనిటీ, కణాల వయసు అంటూ చేయి కడుక్కునే దాకా చెప్పి, మా ఆవిడ చేతిలో ఒక ట్యూబు పెట్టాడు. ఇరవై బిళ్లలు. ఒక్కో దాంట్లో వెయ్యి మిల్లీగ్రాముల విటమిన్ సి, కొంచెం జింకు, ఆరెంజ్ ఫ్లేవర్. "పొద్దుగాల లేవంగనే ఒకటి" అన్నాడు. అంతే. కణాల గురించి గంట చెప్పిన మనిషి నీళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, సాయంత్రం ఫోన్లో దీని మీదే గొడవ.

పొద్దున లేవంగానే మరిచిపోయాను. బస్సెక్కాక మా ఆవిడ ఫోన్: "బిళ్ల ఏసుకున్నవా? బావ అడుగుతుండు." జేబులో ట్యూబు ఉంది. సీటు లేదు. ఎడమ చేత్తో పైన రాడ్డు, భుజానికి బ్యాగు. కుడి చేత్తో మూత లేపి, పది రూపాయల బిళ్లంత ఉన్న ఆ వస్తువును నోట్లో వేసుకున్నాను.

ఆ మూత గురించి ఒక మాట చెప్పాలి. దాని లోపల తేమ పీల్చుకునే గింజలు ఉంటాయి. బిళ్లకు గాలిలో ఉన్న చెమ్మ కూడా తగలకూడదని కంపెనీ వాడు పడ్డ తాపత్రయం అది. వాడంత జాగ్రత్తగా కాపాడిన దాన్ని నేను తీసుకెళ్లి నాలుక మీద పెట్టాను.

మొదట చిటపటమంది. పుల్లగా, బాగానే ఉంది. తర్వాత నోరు నిండింది. మింగితే సగం పోయింది, పోయినదానికి రెట్టింపు వచ్చింది. ఆ బిళ్లలో ఉండే సిట్రిక్ యాసిడ్, వంటసోడాలకు నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఒక గ్రాము సోడా పూర్తిగా చర్య జరిపితే పావు లీటరు పైనే గ్యాస్. మనిషి నోట్లో అంత చోటు లేదు. ఇదంతా నాకు తెలుసు. పదో తరగతికి ఆమ్లాలు, క్షారాలు పాఠం చెప్పేది నేనే.

ఉమ్మేద్దామంటే కిటికీలన్నీ ఆడవాళ్ల చేతిలో ఉన్నాయి. బస్సు ఉచితమయ్యాక కిటికీ సీటు మగవాడికి దొరకడం కలలో మాట, దానికి నాకేం బాధ లేదు, ఉద్యోగాలకూ ఆస్పత్రులకూ పోతున్నారు, పోనీ. కానీ చంటిపిల్లను ఒళ్లో పెట్టుకున్న తల్లి మీదుగా వంగి బయటికి ఉమ్మడం ఎలా? అందుకే నోరు గట్టిగా మూశాను. బుగ్గలు ఉబ్బాయి. గ్యాస్‌కు దారి కావాలి కదా, ముక్కు చూసుకుంది. ఎడమ ముక్కులోంచి నారింజ రంగు బుడగ ఒకటి వచ్చి, పగిలింది.

సరిగ్గా అప్పుడే కండక్టరమ్మ వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లందరికీ జీరో టికెట్లు కొట్టేసింది, డబ్బులిచ్చే మొహం నాదొక్కటే మిగిలింది.

"ఎక్కడికి సార్?"

వేలితో ముందుకు చూపించాను.

"ముందటికంటే యాడికి? దేవరకొండ దాకనా?"

తల అడ్డంగా ఊపాను.

"నోట్ల గుట్కా ఉంటే ఊంచి చెప్పు సార్. సదువుకున్నోళ్లే గిట్ల జేస్తే ఎట్ల?"

పదిహేనేళ్ల సర్వీసులో గుట్కా ముట్టనివాడిని. బడిలో ఏటా పొగాకు వ్యతిరేక ప్రతిజ్ఞ చేయించేది కూడా నేనే. ఆ అభాండం భరించలేక నోరు తెరిచి "కనగల్" అనబోయాను. 'క' వరకు వచ్చింది. మిగతాదంతా నురగ.

చొక్కా మీదికి, అక్కడి నుంచి కండక్టరమ్మ టికెట్ మిషన్ మీదికి. ఎవరో "ఫిట్స్!" అని అరిచారు. అంతవరకు పక్కకు జరగమన్నా జరగని జనం ఒక్కసారిగా మూడు సీట్లు ఖాళీ చేశారు. నన్ను వాటి మీద పడుకోబెట్టారు. నేను లేవడానికి చూస్తే, గిలగిలా కొట్టుకుంటున్నాననుకుని నలుగురు పట్టుకున్నారు.

"చేతుల ఇనుము పెట్టుర్రి, ఇనుము!" అని ఒక ముసలమ్మ. ఒక పోరడు బైకు తాళంచెవి ఇచ్చాడు. "గిది ప్లాస్టిక్ గదరా" అని ఆమె విసిరికొట్టింది. తాళంచెవుల గుత్తులు ఉన్న తరం బస్సులో లేదు. చివరికి ఆమే తన సంచిలోంచి, పేపరు చుట్టిన కొత్త కొడవలి తీసింది. నల్గొండలో బిడ్డ ఇంటికొచ్చి, పోతూ పోతూ కొనుక్కున్నట్టుంది. పేపరు విప్పి, పిడి వైపు కాదు, ఇనుము తగలాలని మొన వెనక భాగాన్ని నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూసింది.

ఫిట్స్ వచ్చినవాడికి ఇనుము పట్టిస్తే తగ్గదు. సాధారణంగా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, ఆ సమయానికి చేతిలో ఏది ఉంటే దానికి పేరొస్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రి. ఇదంతా వాళ్లకు చెబుదామని ఎంత ఉబలాటపడ్డానో. అయితే చెప్పాల్సిన నోరు ఇంకా ఉత్పత్తిలో ఉంది. "విటమిన్" అనడానికి ప్రయత్నించాను. "విట... విట..." అని వచ్చింది.

"విఠల్ అంటుండు. పేరేమో."

"విఠల్ సార్! ఓ విఠల్ సార్! కండ్లు దెరువు!"

"ఏమన్న తాగిండా సూడుర్రి" అని వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు. మా జిల్లాలో నోట్లో నురగ చూస్తే మొదట ఆ అనుమానమే వస్తుంది. దాని మీద జోకు వేయను.

తర్వాత చెప్పు వాసన చూపించాలన్నారు. తోలు చెప్పే కావాలట, ప్లాస్టిక్‌ది పనిచేయదట. బస్సంతా వెతికితే తోలు చెప్పులు వేసుకున్నవాడిని నేనొక్కణ్నే. నాదే తీసి నాకే చూపించారు.

ఇంతలో స్టేజీ వచ్చింది. తలుపు దగ్గరి సీట్లోనే నన్ను పడుకోబెట్టారు కదా, బస్సు ఆగిన కుదుపుకు లేచి కూర్చున్నాను. కింద ఒక ఐదారుగురు ఎక్కడానికి కాలు పైకి పెట్టారు. వాళ్లకు కనిపించింది ఏమిటంటే: మెట్ల దగ్గర ఒక మనిషి, గడ్డం మీద నారింజ రంగు నురగ, ఒక కాలికే చెప్పు, చేతిలో తళతళలాడే కొడవలి. వాళ్లు ఎక్కలేదు. "ఎనక ఇంకో బస్సు ఉంది" అన్నారు.

కిందపడ్డ ట్యూబును ఇంటర్ చదివే ఒక అమ్మాయి తీసి, తిప్పి తిప్పి చదివింది. "ఇది గ్లాసు నీళ్లల్ల ఏసి తాగాలె సార్" అంది. తర్వాత నా మొహం పరీక్షగా చూసి, "మీరు మా ఫిజికల్ సైన్స్ సారే గదా! ఆమ్లం, బైకార్బనేటు కలిస్తే ఏమైతదో మీరే గదా చెప్పింది!" బస్సంతా వినేలా అంది. మంచి స్టూడెంటు. ఫుల్ మార్కులు వేసిన పాపం నాదే.

ఎలా దిగానో, స్కూలుకు ఎలా నడిచానో వదిలేయండి.

స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఆ ట్యూబు మీది అక్షరాలు చదివాను. కళ్లజోడు చాలలేదు, ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేశాను. నీళ్ల సంగతి ఉంది, ఇంగ్లీషులో, అతుకు మీద. దాని పైన పెద్ద అక్షరాల్లో "ఔషధంగా వాడటానికి కాదు" అని కూడా ఉంది. మన దేశంలో సప్లిమెంట్ల డబ్బాల మీద అది రాయాలని నిబంధన. మందు కానిదాన్ని మందుల భాషలో, ఇమ్యూనిటీ, డోసు, కోర్సు అంటూ అమ్ముతారన్నమాట. వెయ్యి మిల్లీగ్రాములట! మన జాతీయ పోషకాహార సంస్థ, తార్నాకలో ఉన్నదే, మగవాడికి రోజుకు 80 మిల్లీగ్రాములు చాలంటుంది. ఒంట్లో చేరినదాంట్లో అక్కరకు మించింది మూత్రంలో పోతుంది. నల్గొండ బత్తాయికి పేరున్న జిల్లా. మా మామగారికి రెండెకరాల బత్తాయి తోట ఉంది, ధర లేక మొన్న కాయలు చెట్టుకే వదిలేశారు. ఆ తోట అల్లుళ్లలో ఒకడు ఆరెంజ్ ఫ్లేవర్ అమ్ముతున్నాడు, ఇంకొకడు దాంతో నురగ కక్కుతున్నాడు.

అదే టైముకు నీలం బిళ్లలు పంచే పిరియడ్ వచ్చింది. వారానికోసారి పిల్లలకిచ్చే ఐరన్ బిళ్లలు. 60 మిల్లీగ్రాముల ఐరన్, దానితో ఫోలిక్ యాసిడ్. ఈ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో ల్యాబులో తయారుచేసిన బృందానికి పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావే. అక్కరున్న పిల్లలకు అక్కరున్న బిళ్ల, పైసా ఖర్చు లేదు, థాయిలాండ్ లేదు. "అన్నం తిన్నాకనే, నీళ్లతోని మింగాలె, నమలొద్దు" అని ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. వార్త నాకంటే ముందే వచ్చింది.

సాయంత్రం షడ్డకుడికి ఫోన్ చేశాను.

"అన్నా, నీళ్లల్ల ఏసుకోవాలని చెప్పొద్దా?"

"అరె, గది అందరికీ ఎరుకే గదా తమ్మీ. నువ్వు సైన్సు సారువి!"

నాకు ఒళ్లు మండింది. అమెరికాలో దాదాపు 3 లక్షల 90 వేల మంది ఆరోగ్యవంతులను ఇరవై ఏళ్లకు పైగా చూసి, రోజూ మల్టీవిటమిన్ వేసుకున్నంత మాత్రాన ఆయుష్షు పెరిగినట్టు కనబడలేదని 2024లో తేల్చారు, దానికేమంటావు అన్నాను. "వాళ్లు మా కంపెనీ మాల్ వాడలే" అన్నాడు. శాకాహారులకు బి12 తగ్గితే వేసుకోవాలి, గర్భిణికి ఫోలిక్ యాసిడ్ వేయాలి, రక్తపరీక్షలో తక్కువొస్తే డాక్టర్ రాస్తాడు, నాటుకోడి తినే నాకెందుకు అన్నాను. "మినరల్స్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది" అన్నాడు. ఎవరితో అంటున్నాడండీ ఆ మాట? నల్గొండవాడితో! లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ దాటిపోయి, మర్రిగూడ వైపు ఊళ్లలో మనుషుల నడుములు వంగిపోయిన జిల్లా ఇది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఆ ఫ్లోరైడును తీసే పద్ధతికి బయటి దేశాల పుస్తకాల్లో కూడా నల్గొండ టెక్నిక్ అనే పేరు. ఎక్కువైన మినరల్ ఏంచేస్తుందో మాకు క్లాసు చెప్తున్నాడు, మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కన ఇల్లు కట్టుకుని.

"నీకు నరాల వీక్‌నెస్ ఉన్నట్టుంది తమ్మీ, కోపం జాస్తయితుంది. ఒమేగా క్యాప్సూల్స్ పంపిస్త" అని పెట్టేశాడు. మా ఆవిడ అప్పటికే డబ్బులు కొట్టేసింది. "బావ మాట తీసేస్తే అక్క ఏమనుకుంటది?"

హెడ్మాస్టరు గారు మాత్రం ఇవాళ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. "పిల్లల భద్రత సార్, నా చేతిలో లేదు" అంటూ. డాక్టర్ దగ్గర గంట కూర్చున్నాను. జరిగింది చెబితే ఆయన నవ్వి, బీపీ చూసి, సర్టిఫికెట్ రాసి, అలవాటు కొద్దీ చీటీ కింద ఒక మల్టీవిటమిన్ కూడా రాశారు.

ఇంకొకటి. ఆ ముసలమ్మ నా హడావిడిలో దిగి వెళ్లిపోయింది, కొడవలి నా చేతిలోనే మిగిలిపోయింది. కనగల్ స్టేజీ దగ్గర చాయ్ హోటల్లో పెట్టి వచ్చాను. ఆమె మీకు తెలిసుంటే చెప్పండి. విఠల్ సార్ కొడవలి అని అడిగితే ఇస్తారు.