అరిసెలకు కూలెంత?

ఆ మధ్య ఇక్కడ అమెరికాలో, డాలస్ దగ్గర మన తెలుగు సంఘం దసరా భోజనాల్లో దద్దోజనం తిన్న నలుగురైదుగురికి రాత్రికి వాంతులయ్యాయి. కారణం అదేనని ఎవరూ పరీక్ష చేయించలేదు. అయినా తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో నిందంతా వండిన అక్క మీదే. పొద్దున ఎనిమిదింటికి ఆవిడ దించి వెళ్లిన ట్రేలను ఒంటిగంటన్నర దాకా స్టేజీ వెనక బల్ల మీద వదిలేసింది మేము. ఆ హాల్లో ఫ్రిజ్ లేదు. ఉందా అని ముందుగా అడిగిన పాపానా ఎవరూ పోలేదు. ఆ భోజనాలు చూసుకున్న కమిటీలో నేనూ ఉన్నాను.

వండిన అన్నంలోనూ బతికి ఉండే బాక్టీరియా ఒకటుంది, బాసిల్లస్ సీరియస్. గోరువెచ్చగా గంటల తరబడి ఉంచితే అది విషం పుట్టిస్తుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. 41 నుంచి 135 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య అన్నాన్ని వదిలేయొద్దని ఇక్కడి వాళ్లు మొత్తుకునేది అందుకే. పెరుగు పుల్లదనం కొంత కాపాడేదేమో గానీ, మధ్యాహ్నానికి పులవకూడదని మనం పాలే ఎక్కువ పోసి కలుపుతాం కదా!

డాలస్ చుట్టూ ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో ఎటు వెళ్లినా ఓ పచ్చళ్ల అక్క, ఓ సున్నుండల పిన్ని ఉంటారు. వాళ్లకు వంట ఎవరూ నేర్పక్కర్లేదు. లేనిదల్లా థర్మామీటరు, లేబులు, లెక్కల పుస్తకం. ఆ మూడూ అలవాటు చేయించే శిక్షణ ఖర్చు, ఏడాది పొడుగునా వాళ్ల దగ్గర కొనే మన సంఘాలే పెట్టుకోవాలి. హీరోయిన్ విమానం టికెట్టుకు డబ్బు పుట్టినప్పుడు దీనికి పుట్టదా?

పైగా ఇప్పుడు దారి తెరుచుకుంది. టెక్సాస్‌లో ఇంట్లో వండి అమ్ముకోవడానికి వీలిచ్చే చట్టాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి బాగా సడలించారు. ఏడాది అమ్మకాల పరిమితి 50 వేల డాలర్ల నుంచి లక్షా 50 వేలకు పెరిగింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ దగ్గర నమోదు చేసుకుంటే ఇడ్లీ పిండి, దద్దోజనం లాంటి ఫ్రిజ్ సరుకు కూడా అమ్ముకోవచ్చు. మాంసం, చేపలు, రొయ్యలు మాత్రం కుదరవు. అంటే అందరూ ఎగబడి కొనే కోడి పచ్చడీ, రొయ్యల పచ్చడీ ఈ చట్టానికి బయటే. ఒహాయోలోని వాళ్లకు పార్సెల్ పంపి అమ్మడమూ అంతే, ఈ చట్టం రాష్ట్రం గడప దాటదు. న్యూజెర్సీ వాళ్లతో పోలిస్తే మనం నయం. అక్కడ 2021 అక్టోబరు దాకా ఇంట్లో చేసిన కేకు అమ్మినా తప్పే.

పచ్చళ్ల దగ్గరికొస్తే మనవాళ్లు చాలామంది నూనె పైకి తేలితే పాడవదనుకుంటారు. ఆవకాయను కాపాడేది ముఖ్యంగా మామిడి పులుపు, ఉప్పు. నూనె గాలిని ఆపుతుంది, అంతే. గాలి ఆడని చోటే పెరిగి బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే బాక్టీరియాకు అది అనుకూలమే. 1985లో వాంకూవర్‌లో నూనెలో నిలవ ఉంచిన వెల్లుల్లి తిని 36 మంది జబ్బుపడ్డారు. పులుపు సరిపడా ఉంటే, అంటే పులుపు పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే అంకె 4.6 దాటకపోతే, ఆ భయం లేదు. మామిడికాయకు పులుపు పుట్టుకతోనే ఉంది. కాలీఫ్లవర్‌కు నిమ్మరసమే దిక్కు, అది ఎంత పడిందో నాలుక చెప్పలేదు, పీహెచ్ మీటరు చెప్పాలి. మా నాయనమ్మ మడి కట్టుకుని, జాడీ ఎండబెట్టి, తడిచెయ్యి తగలనిచ్చేది కాదు. తడి తగిలితే బూజు పడుతుందన్న ఆవిడ మాటే ఇక్కడి ఆహార భద్రత పాఠంలో ఇంకో పేరుతో ఉంటుంది. అందుకే ఈ పాఠాలు తెలుగులో చెప్పించమంటున్నాను.

లేబులు సంగతి చిన్నదే గానీ ప్రమాదకరం. అమెరికాలో 2023 జనవరి నుంచి, లేబులు మీద రాయాల్సిన ప్రధాన అలర్జీ పదార్థాల్లో నువ్వులు తొమ్మిదోవి. అరిసెలు, సకినాలు, నువ్వుల పొడి, అన్నీ దాని కిందికే వస్తాయి. కెనడాలో ఆవాలు కూడా రాయాలి, ఇక ఆవకాయ సంగతి చెప్పేదేముంది.

ఎవరూ పైకి అనని సంగతి ఇంకొకటి. భర్త ఉద్యోగ వీసా వల్ల వచ్చిన హెచ్4 వీసా మీద ఉండి, వర్క్ పర్మిట్ లేని చెల్లెలు, అమెరికా చూడడానికొచ్చిన అత్తగారు ఇక్కడ డబ్బులు తీసుకుని అమ్మకూడదు. శిక్షణలో మొదటి గంట వీసాల లాయరుకే ఇవ్వాలి. సర్టిఫికెట్టు చేతికిచ్చి ఈ మాట దాస్తే మనం ఆ అమ్మాయికి చేసింది మేలు కాదు.

ఆ దద్దోజనం అక్కతో కూర్చుని ఓ సాయంత్రం అరిసెల లెక్క వేశాను. పౌను 12 డాలర్లకు అమ్ముతోంది. పది పౌన్లకు 120. బియ్యం, బెల్లం, నెయ్యి, నువ్వులు, డబ్బాలు కలిపి 50 పోయాయి. సరుకు కొనడం, పిండి కొట్టడం, పాకం పట్టడం, వేయించడం, గిన్నెలు తోమడం, ఇచ్చి రావడం పది గంటలు. గంటకు 7 డాలర్లు. టెక్సాస్ కనీస వేతనమే 7.25. "నా చేతిపనికి లెక్కేంటి తమ్ముడూ" అని నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపేసి కాగితం తన వైపు తిప్పుకుంది.

ఒక్క ఆదివారం క్లాసుతో ఇది తెమలదు. శాన్‌ఫ్రాన్సిస్కో మిషన్ ప్రాంతంలో లా కొసీనా అనే సంస్థ 2005 నుంచి వలస వచ్చిన ఆడవాళ్లకు అనుమతులున్న వంటశాలను అందుబాటులో ఉంచి, వ్యాపారం నేర్పుతూ వెన్నంటి ఉంటోంది. మనకు అంత స్తోమత లేకపోవచ్చు. ఆహారం పాడవకుండా చూసుకోవడం నేర్పే, సుమారు రెండు గంటల ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు ఫీజు కట్టడానికి, ఓ పీహెచ్ మీటరు కొని చేతులు మార్చుకోవడానికి, వారాంతంలో ఖాళీగా ఉన్న గుడి వంటశాలకు అనుమతులుంటే మాట్లాడి పెట్టడానికి మాత్రం స్తోమత ఉంది.

ఈ సంక్రాంతికి ఆ అక్క పౌను 18 చెప్పింది. "మరీ అంతా? మనవాళ్లే కదా!" అన్నారు కమిటీలో ఒకాయన. లెక్క రాసిన కాగితం బల్ల మీద పెట్టాను. బేరం ఇంకా నడుస్తోంది.