రెండు సెమిస్టర్ల చదువు మానసిక వైద్య వార్డుకు సరిపోతుందా?

గోడ అవతల నుంచి తననెవరో పిలుస్తున్నారని చెప్పే రోగితో "అలాంటిదేమీ లేదండీ, ధైర్యంగా ఉండండి" అనడం ఎవరికైనా వచ్చు. ఆ గొంతులు నర్సుగా తనకు వినిపించడం లేదని దాచకుండా చెప్పి, అవి ఆయనను భయపెడుతున్నాయా, ఏదైనా చేయమని ఆజ్ఞాపిస్తున్నాయా అని నెమ్మదిగా అడిగి తెలుసుకోవడం మాత్రం నర్సు నేర్చుకోవలసిన విద్య. బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులు సైకియాట్రీ పోస్టింగులో ఇలాంటి సంభాషణను రోగి మాట, తమ మాట, అందులోని మెళకువ అంటూ గడులు గీసి రాస్తారు. ప్రాసెస్ రికార్డింగ్ అనే ఈ పనికి మించిన పాఠం నాలుగేళ్ల కోర్సులో మరొకటి లేదని నా అభిప్రాయం. చాలాచోట్ల అది రికార్డు నింపి సంతకం పెట్టించుకోవడంతోనే ముగిసిపోతుండటమే విచారకరం.

మన దేశంలో ఇంటర్ కాగానే నేరుగా మానసిక ఆరోగ్య నర్సింగ్ డిగ్రీలో చేరే మార్గం లేదు. సెమిస్టర్ పద్ధతి బీఎస్సీలో ఈ సబ్జెక్టు ఐదు, ఆరు సెమిస్టర్లకే పరిమితం. ప్రత్యేక నైపుణ్యం కావాలంటే ఆ తర్వాత ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా గానీ, రెండేళ్ల ఎమ్మెస్సీ గానీ చదవాలి. బ్రిటన్‌లోనైతే మొదటినుంచే ఈ రంగాన్ని ఎంచుకుని మూడేళ్ల డిగ్రీ చదవవచ్చు.

2018 మే 29న అమల్లోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ నర్సింగ్ చదివినవారితోపాటు, జనరల్ నర్సింగ్‌లో డిప్లొమా లేదా డిగ్రీ పొంది రిజిస్టరైన వారిని కూడా మానసిక ఆరోగ్య నర్సులుగానే నిర్వచించింది. దేశంలో పెద్దల్లో 10.6 శాతం మందికి మానసిక రుగ్మతలున్నాయనీ, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదనీ 2015-16 జాతీయ సర్వే తేల్చిన పరిస్థితిలో ఆ ఉదారతను తప్పుపట్టలేం. అయితే నిన్నటిదాకా ఆపరేషన్ థియేటర్‌లో ఉన్న నర్సును రేపు సైకియాట్రీ వార్డుకు మార్చినా నిర్వచనం అడ్డుచెప్పదు కాబట్టి, ఏడాది అదనంగా చదివినందుకు దక్కేదేమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎమ్మెస్సీ చేసినవారికి సైతం వార్డుకన్నా కాలేజీలో పాఠాలు చెప్పే కొలువే దగ్గరి దారిగా కనిపిస్తుంది.

అలాగని బ్రిటన్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోవాలనడం లేదు. లిథియం అనే మానసిక వైద్య మందు వాడే రోగి మన మే నెల ఎండల్లో చెమటలు కక్కి, నీళ్లు సరిగా తాగకపోతే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు; వణుకు, వాంతులు, తూలుడు కనిపించగానే అది జబ్బు ముదరడం కాదు, మందు విషమించడమేమోనని అనుమానించాలంటే జనరల్ నర్సింగ్ పునాది ఉండి తీరాలి. అందుకే కొత్త డిగ్రీకన్నా ఉన్న డిప్లొమాకు విలువ కట్టడం ముఖ్యం. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖలోనూ ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలలతో మొదలుపెట్టి, జిల్లా ఆసుపత్రుల సైకియాట్రీ వార్డుల్లో షిఫ్టుకు కనీసం ఒక పోస్టును ఈ డిప్లొమా ఉన్నవారికే కేటాయించి, అదనపు భత్యం ఇచ్చి, వారి సమ్మతి లేకుండా ఇతర విభాగాలకు బదిలీ చేయకుండా ఉంటే చాలు, ఆ ఏడాది చదువుకు సీట్లు అడిగేవారు వాళ్లంతట వాళ్లే వస్తారు.