మెషీన్స్ ల్యాబ్‌లోని డీసీ షంట్ మోటారు గారికి

మహారాజశ్రీ డీసీ షంట్ మోటారు గారి దివ్యసముఖానికి, ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) పూర్వవిద్యార్థి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమమనే తలుస్తాను. సెమిస్టరుకు నాలుగుసార్లు తిరిగేవారికి అనారోగ్యం ఎక్కడి నుంచి వస్తుంది?

మా బ్యాచ్‌లో పది మందిమి. కనెక్షన్లు ఇచ్చేది ఒకడు, మీటర్లు చదివేది ఒకడు, వేగం కొలిచే టాకోమీటరు పట్టుకునేది ఒకడు. మిగిలిన ఏడుగురం ప్రేక్షకులం. నాది మూడో వరుస. తమరి స్టార్టర్ పిడిని చివరిదాకా తోసినా అయస్కాంతం పట్టుకోక టప్పున వెనక్కి వచ్చేసేది. అటెండరు గారు దాన్ని కొబ్బరితాడుతో కట్టేసేవారు. సరఫరా పోతే ఆ పిడి తనంతట తాను వెనక్కి రావడమే మోటారుకు రక్ష. దాన్నే కట్టేశాక ఇక రక్ష ఎక్కడిది? పిడిని పట్టి ఉంచాల్సిన ఆ అయస్కాంతం పేరే నో వోల్ట్ కాయిల్. వైవాలో ‘నో వోల్ట్ కాయిల్ ఉపయోగం ఏమిటి?’ అని అడిగితే మాత్రం ఆ తాడు పక్కనే నిలబడి, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాం.

రికార్డు సంగతి తమరికి తెలియనిదా? సీనియర్ రికార్డులో సామర్థ్యం 84 శాతం అని ఉంటే, అక్కడి నుంచి వెనక్కి లెక్కకట్టుకుంటూ రీడింగుల దాకా వచ్చేవాళ్ళం. ఆ సీనియరూ అలా వచ్చినవాడే. మొట్టమొదట ఆ 84 ఎవరికి వచ్చిందో తమరే చెప్పాలి.

తమరిమీద చేసే ప్రయోగాల్లో స్విన్‌బర్న్ పరీక్ష అంటే నాకు ప్రత్యేకమైన భక్తి. ఏ భారమూ వేయకుండా యంత్రాన్ని ఊరికే తిప్పి, పూర్తి భారం వేస్తే ఎంత సామర్థ్యంతో పనిచేస్తుందో కాగితం మీద తేల్చేస్తారు. ఆ భారానికి యంత్రం ఎంత వేడెక్కుతుందో, కమ్యుటేటర్ దగ్గర నిప్పురవ్వలు లేస్తాయో లేవో ఈ పరీక్ష చెప్పదని పాఠ్యపుస్తకమే ఒప్పుకుంటుంది. మమ్మల్నీ నాలుగేళ్ళు అలాగే తిప్పి, ప్రథమ శ్రేణి అని రాసిచ్చారు.

హాప్కిన్సన్ పరీక్ష ఇంకా గొప్పది. జతకట్టిన రెండు యంత్రాల్లో మొదటిది రెండోదాన్ని తిప్పుతుంది, రెండోది పుట్టించిన కరెంటు మళ్ళీ మొదటిదానికే పోతుంది. నష్టాల మేరకే బయటి నుంచి తీసుకుంటారు. మా కాలేజీ నియామకాలూ ఇదే సూత్రం మీద జరిగేవి. అక్కడే బీటెక్ చదివి, అక్కడే ఎంటెక్ కానిచ్చినవాడు అదే బల్ల దగ్గర నిలబడి, అవే రీడింగులు చెప్పేవాడు. నష్టాలకు సరిపడా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎలాగూ ఉంది.

తమరు పాతవారైపోయారని ఈ లేఖ రాయడం లేదు. నిజానికి బయట, ఒకే దిక్కుకు పారే కరెంటుదైన తమరి డీసీ వంశమే మళ్ళీ తలెత్తింది. కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లది, ఆ పలకల్లో పుట్టేది డీసీయే. గాజువాకలో తూర్పు గ్రిడ్డుకూ దక్షిణ గ్రిడ్డుకూ మధ్య కరెంటు దాటేది డీసీగా మారాకే. డీసీ సంగతి అటుంచితే, నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే, వాటిలో ఏడు వెనక్కి తిరిగి మోటార్లై నీళ్ళను పైకి తోడగలవు. తిరిగే బరువంటూ లేని సౌరవిద్యుత్తు పెరిగేకొద్దీ, ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ దగ్గర నిలబెట్టడం ఎంత పనో గ్రిడ్డు నడిపేవారిని అడగాలి. తమరి గదిలోకి వీటిలో ఒక్కటీ అడుగు పెట్టలేదు. ఈమధ్య ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చినప్పుడు చూశాను, కాలేజీ మేడ మీద సోలార్ పలకలు మెరుస్తున్నాయి. మేడమెట్లకు తాళం. విద్యార్థులు పాడు చేస్తారట.

‘కోర్ ఉద్యోగం’, అంటే చదివిన బ్రాంచిలోనే ఉద్యోగం, అనే మాటను మా హాస్టల్లో దేవుడి గురించి చెప్పినట్టు చెప్పేవారు. ఉన్నాడంటారు, చూసినవాడు లేడు. మావాళ్ళలో చాలామంది సాఫ్ట్‌వేర్‌కు పోయి సుఖపడ్డారు. నేను మాత్రం ఎలాగో పరీక్ష రాసి సబ్‌స్టేషన్‌లో పడ్డాను.

మొదటి వారమే, ఎల్‌సీ (పని కోసం సరఫరా ఆపించే అనుమతి) తీసుకున్న 33 కేవీ లైను దగ్గర నిచ్చెన ఎక్కి, సప్లై లేదు కదా అని క్లాంపు మీద చేయి వేయబోయాను. పాతికేళ్ళ సర్వీసున్న లైన్‌మన్ గారు కింది నుంచి నా చొక్కా పట్టి లాగారు. “ఆగండి సార్. సప్లై తీసేశారని మీకు తెలుసు, లైనుకు తెలియాలి కదా? ముందు ఎర్త్ రాడ్ వేయండి.” లైనును నేలకు కలిపే ఆ రాడ్డు ఇంకా పూర్తిగా తగలకముందే చిటుక్కుమని నీలం మెరుపు. అవే స్తంభాల మీద రెండో సర్క్యూట్‌లో కరెంటు పారుతూనే ఉంది మరి. ఇలా పక్క తీగ వల్ల తాకకుండానే కరెంటు పుట్టించే ప్రేరణ గురించి మూడో సెమిస్టరులో నాకు 71 మార్కులు.

రేపు ఉదయం మన కాలేజీ నుంచి ఇద్దరు ట్రైనీలు వస్తున్నారు. ఇద్దరికీ తమరిమీద 84 శాతమే వచ్చి ఉంటుంది. ఎర్త్ రాడ్డు తుడిపించి పెట్టాను. లైన్‌మన్ గారిని సెలవు వాయిదా వేసుకోమని బతిమాలాను.

ఇట్లు,
తమ విధేయుడు,
నాలుగో బ్యాచ్, మూడో వరుస

తా.క.: ఆ కొబ్బరితాడు ఇంకా ఉంటే ఎవరిచేతనైనా విప్పించుకోగలరు.