ట్రోల్ తరఫు వకాల్తా

నార్వే జానపద కథల్లో ట్రోల్స్‌కి, అంటే కొండల్లో ఉండే రాక్షసులకి, జరిగిన అన్యాయం మీద ఇంతవరకూ ఒక్క విచారణ కమిషన్ కూడా పడలేదు. చీమ చిటుక్కుమంటే కమిషన్ వేసే రోజుల్లో ఇది సిగ్గుచేటు. అందుకని ఫీజు ఆశించకుండా ఈ కేసు నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ముందు నా క్లయింటు సంగతి. కొండ లోపల కాపురం. తగరపు పళ్లేలంత కళ్లు, కర్రంత ముక్కు. కథని బట్టి తలలు మూడు, ఆరు, తొమ్మిది. చర్చి గంట మోగితే తట్టుకోలేడు, సూర్యుడు పొడిస్తే పగిలిపోతాడు, లేదా రాయైపోతాడు. కాబట్టి జీవితాంతం నైట్ షిఫ్టే. ట్రోల్ అంటే ప్రకృతి అనీ, చలికాలపు చీకటనీ, మనిషి లోపలి భయమనీ పెద్దలు రకరకాలుగా అర్థాలు చెబుతారు. కాదనను. కానీ కేసు కాగితాలు చదివితే నాకు తేలింది ఒక్కటే. ఇతని దగ్గర డబ్బుంది, తెలివి లేదు, వెనకేసుకొచ్చే బంధువు లేడు. ఇక వేరే నేరం ఎందుకు?

మూడు మేకపోతుల కేసు చూడండి. వేసవిలో కొండమీది పచ్చికకి పోయి కొవ్వు పట్టాలని మూడు మేకపోతులు బయల్దేరాయి. దారిలో వంతెన, దాని కింద నా క్లయింటు. "నా వంతెన మీద టకటకలాడిస్తున్నదెవరు?" అని గట్టిగానే అడిగాడు, ఒప్పుకుంటాను. అందుకు చిన్న మేకపోతు ఏమంది? "నన్ను తినకు, నా వెనక అన్నయ్య వస్తున్నాడు, బాగా బలిసి ఉంటాడు" అంది. రెండోది కూడా అదే మాట. సొంత అన్నల్ని పట్టించిన ఈ తమ్ముళ్ల గురించి కథ పల్లెత్తు మాట అనదు. నా క్లయింటు రెండుసార్లూ మాట నమ్మి, ఆకలి చంపుకుని ఆగాడు. ఆ ఓపికకి ఫలితంగా పెద్ద మేకపోతు అతని కళ్లు పొడిచి, ఎముకలు పిండి చేసి నీళ్లలోకి నెట్టింది. తర్వాత మూడూ పైకెళ్లి ఇంటికి నడవలేనంతగా బలిశాయట. దీన్ని పిల్లలకి నిద్రపుచ్చే ముందు చెబుతారు.

ఇక అస్కెలాడెన్ కేసు. పొయ్యి దగ్గర బూడిదలో కూర్చునే మూడో కొడుకు ఇతను. నార్వే కథల్లో ఏ పనీ చెయ్యకుండా ఏళ్ల తరబడి కూర్చున్నవాడికే అంతా కలిసొస్తుంది. తండ్రికి అప్పులు. అడవిలో చెట్లు కొట్టి తీరుద్దామంటే ట్రోల్ వచ్చి "ఇది నా అడవి" అంటాడు. పట్టా తండ్రిది, అనుభవం ట్రోల్‌ది. ఏ ఊళ్లోనైనా ఇది సివిల్ తగాదాయే. ఇద్దరన్నలూ పారిపోయి ఇంటికొచ్చారు. అస్కెలాడెన్ మాత్రం సంచిలోంచి జున్నుగడ్డ తీసి, తెల్లరాయని నమ్మించి, నీళ్లు కారేదాకా పిండి చూపించాడు. ట్రోల్ బెదిరిపోయి చెట్లు కొట్టడంలో తనే సాయం చేసి, పైగా భోజనానికి ఇంటికి పిలిచాడు.

భోజనం దగ్గర ఆ అతిథే జావ తినే పందెం వేసి, పొట్టకి సంచి కట్టుకుని, తినేది తక్కువ, సంచిలో పోసేది ఎక్కువ. చివరికి కత్తితో సంచి చీల్చి, "ఇలా చిల్లు పెట్టుకో, ఎంతైనా తినొచ్చు" అన్నాడు. ట్రోల్ పాపం "నొప్పి పుట్టదా?" అని కూడా అడిగాడు. "చెప్పుకోదగ్గదేం కాదు" అన్నాడు ఇతను. ఆ వైద్య సలహా పాటించి నా క్లయింటు చనిపోయాడు. అస్కెలాడెన్ కొండలో ఉన్న వెండీ బంగారం మొత్తం ఇంటికి మోసుకెళ్లాడు. దాంతో అప్పులో "కొంత" తీరి ఉంటుందని కథ ముగుస్తుంది. కొండంత బంగారానికి కొంతే తీరిందంటే ఆ తండ్రి ఎవరి దగ్గర అప్పు చేశాడో, వడ్డీ ఎంతో, అసలు కమిషన్ వెయ్యాల్సింది అక్కడ.

మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో దాచుకున్నట్టే, నార్వేలో ఒక ట్రోల్ తన గుండెని దాచుకున్నాడు. ఎక్కడో సరస్సులో దీవి, దీవిలో చర్చి, చర్చిలో బావి, బావిలో బాతు, బాతులో గుడ్డు, ఆ గుడ్డులో గుండె. చర్చి గంటకే బెదిరేవాడు చర్చిలోనే లాకరు పెట్టుకున్నాడంటే ఆ సంస్థ మీద ఎంత నమ్మకమో! ఇంట్లో బందీగా ఉన్న రాజకుమారి తియ్యగా మాట్లాడి ఈ గుట్టంతా లాగింది. రాజకుమారుడు గుడ్డు నొక్కి, ఆ ట్రోల్ వల్ల రాళ్లైపోయిన తన ఆరుగురు అన్నల్నీ, వాళ్ల పెళ్లికూతుళ్లనీ తిరిగి మనుషుల్ని చేస్తే ప్రాణం వదిలేస్తానన్నాడు. ట్రోల్ వెంటనే చేశాడు. ఇతను వెంటనే గుడ్డు చిదిమేశాడు. ఇక్కడ మాట తప్పింది ఎవరు?

అసలు ఈ రికార్డు రాసింది ఎవరో కూడా చూడాలి. 1840ల్లో ఈ కథల్ని సేకరించి అచ్చు వేసింది ఆస్బ్యోర్న్‌సెన్, మూ అనే ఇద్దరు మిత్రులు. నాలుగు వందల ఏళ్లు డెన్మార్క్ కింద ఉండి, 1814లో స్వీడన్ రాజు చేతికి పోయిన దేశం, మాకూ సొంత గొంతుందని చెప్పుకోవడానికి ఈ కథల్ని పట్టుకుంది. బావుంది. అయితే తర్వాతి కాలంలో మూ బిషప్ అయ్యాడు, ఆస్బ్యోర్న్‌సెన్ అటవీ అధికారి అయ్యాడు. చర్చికీ అడవి శాఖకీ ట్రోల్‌తో ఉన్న పాత తగాదాలు తెలిసినవే. ఎదుటి పక్షం వాళ్లే పంచనామా రాస్తే న్యాయం ఎలా జరుగుతుంది? పైగా ఈ ఆస్బ్యోర్న్‌సెన్ 1864లో వంట పుస్తకం రాసి, జావ దించే ముందు పచ్చి పిండి కలపడం దండగని తేల్చి, దేశమంతా పెద్ద రభస లేపాడు. జావ విషయంలో ఆయన నిష్పాక్షికత మీద నాకు మొదట్నించీ అనుమానమే.

ఇంత చేసిన దేశం ఇవాళ ఎవరి పేరు మీద బతుకుతోంది? సుమారు 1,100 మీటర్ల రాతిగోడ ట్రోల్‌వెగ్గెన్. నీటికి దాదాపు 700 మీటర్ల ఎత్తున గాల్లోకి పొడుచుకొచ్చిన బండ ట్రోల్‌టుంగా, అంటే ట్రోల్ నాలుక. దాని అంచున నిలబడి ఫోటో దిగడానికి జనం క్యూ కడతారు. ఉత్తర సముద్రంలో 1979లో దొరికిన భారీ గ్యాస్ నిక్షేపానికి కూడా ట్రోల్ పేరే. అక్కడ 1995లో నిలబెట్టిన ప్లాట్‌ఫామ్ ఎత్తు 472 మీటర్లు. అస్కెలాడెన్ ఒక కొండ బంగారం పట్టుకెళ్తే మనవలు సముద్రం అడుగు దాకా వెళ్లారు. అసలు యజమానికి రాయల్టీ ఊసే లేదు. షాపుల్లో మాత్రం అతని రబ్బరు బొమ్మలు అమ్ముతారు.

1936లో ప్రారంభించిన ట్రోల్‌స్టీగెన్ అనే 11 మలుపుల కొండదారి మీద "ట్రోల్స్ ఉన్నాయి జాగ్రత్త" అన్నట్టు ఒక హెచ్చరిక బోర్డు పెట్టి, దాని పక్కనా ఫోటోలే. పూర్వం కోపమొస్తే ట్రోల్స్ చర్చిల మీదకి బండలు విసిరేవారని చెప్పుకునేవారు. 2024 వేసవిలో ఆ దారి మీద రాళ్లు పడుతున్నాయని మూసేశారు. భూగర్భ నిపుణుల కారణాలు నిపుణులకుంటాయి. నేను మాత్రం లీగల్ నోటీసు అందిందనే రాసుకున్నాను.