దెయ్యానికి మాట నేర్పిన మూకీ దర్శకుడు

బ్రిటిష్ హారర్ రచయిత, దర్శకుడు క్లైవ్ బార్కర్ అనగానే హారర్ అభిమానులకు గుర్తొచ్చేది 1987 నాటి ‘హెల్‌రైజర్’. అందులో తల నిండా మేకులు దిగేసుకుని కనిపించే రాక్షసుడు పిన్‌హెడ్. ఆ సినిమాకు చాలా ముందే, ఇరవైల్లో ఉన్న బార్కర్ ఇంగ్లండ్‌లో స్నేహితులతో కలిసి రెండు మూకీ షార్ట్ ఫిలింలు తీశాడు. 1973లో ‘సలోమే’, 1975-78 మధ్య ‘ది ఫర్బిడెన్’. రెండూ బ్లాక్ అండ్ వైట్. వీటి గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట కనిపిస్తుంది: పిన్‌హెడ్ పుట్టింది ఇక్కడే అని. అది నిజమే. కానీ ఈ సినిమాల్ని ఆ ఒక్క మేకుల మొహం కోసమే చూడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. వీటిలో అంతకన్నా ఆశ్చర్యపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. అది మాటకు సంబంధించింది.

బార్కర్ 1952లో లివర్‌పూల్‌లో పుట్టాడు. అంతకు కొన్నేళ్ల ముందు జాన్ లెనన్ చదివిన క్వారీ బ్యాంక్ స్కూల్లోనే చదువుకున్నాడు. తర్వాత పిన్‌హెడ్ వేషం కట్టిన డగ్ బ్రాడ్లీ ఆ రోజుల స్నేహితుడే. ‘హెల్‌రైజర్’ రెండో భాగానికి స్క్రిప్టు రాసిన పీటర్ అట్కిన్స్ కూడా లివర్‌పూల్ బృందంలోని వాడే. నాటకాలు వేసే కుర్రాళ్లు, చేతిలో డబ్బు లేదు. ‘సలోమే’ని 8 ఎంఎం కెమెరాతో ఒక పూలకొట్టు సెల్లార్లో తీశారు. ఆ ఫిల్ము ఒక్కో రీలు మూడు నాలుగు నిమిషాలకే అయిపోతుంది. మాటలు రికార్డు చేయాలంటే వేరే పరికరాలు, వేరే ఖర్చు. కాబట్టి ఈ సినిమాలు మూకీలు కావడం వెనక పెద్ద సిద్ధాంతమేమీ వెతకక్కర్లేదు.

అయితే మాటలు పెట్టే స్తోమత లేని కుర్రాడు కథలుగా ఏం ఎంచుకున్నాడో చూడండి. ‘సలోమే’కి మూలం ఆస్కార్ వైల్డ్ నాటకం. ‘ది ఫర్బిడెన్’కి ఆధారం దెయ్యానికి ఆత్మను అమ్ముకున్న ఫౌస్ట్ కథ. ఇంగ్లిషు నాటకరంగంలో ఆ కథకు పదహారో శతాబ్దపు నాటకకర్త క్రిస్టఫర్ మార్లో ఇచ్చిన రూపం ప్రసిద్ధం. రెండూ పూర్తిగా మాటల మీద బతికే రచనలు. వైల్డ్ సలోమే ఒకే కోరికను పదేపదే, రకరకాల పోలికలతో చెప్పి చెప్పి చివరికి యోహాను తల తెప్పించుకుంటుంది. మార్లో ఫౌస్టస్ చివరి గంటలో చెప్పే స్వగతాన్ని నటులు నాలుగొందల ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. అలాంటి వాటి నుంచి మాటల్ని తీసేయడమంటే కృష్ణరాయబారం నాటకాన్ని పద్యాలు లేకుండా ఆడటమే. ఏం మిగులుతుంది? ఒళ్లు మిగులుతుంది. నిలబడే తీరు, చేతుల కదలిక, చూపు మిగులుతాయి. బార్కర్ సినిమా అంతా ఆ మిగిలిన దాని మీదే నడుస్తుంది.

‘సలోమే’లో అది సగమే కుదిరిందని చెప్పాలి. తెర ఎక్కువ భాగం చీకటి. మొహాలు ఆ చీకట్లోంచి ఒక్క క్షణం బయటికొచ్చి మళ్లీ అందులోకే పోతాయి. కథ ముందే తెలియకపోతే ఎవరు ఎవరో అర్థం కాదు. కావాలని చేసిన అస్పష్టతకీ, లైట్లు చాలక వచ్చిన అస్పష్టతకీ తేడా ఉంటుంది. ఇందులో రెండోదే ఎక్కువ. అభిమానులు దీన్ని కళాఖండమని మెచ్చుకుంటుంటే నాకు మొహమాటంగా ఉంటుంది.

‘ది ఫర్బిడెన్’ సంగతి వేరు. ఇది 16 ఎంఎం. పైగా దీన్ని నెగటివ్ రూపంలోనే చూపిస్తారు. తెల్లగా ఉండాల్సింది నల్లగా, నల్లగా ఉండాల్సింది తెల్లగా కనిపిస్తుంది. చిన్నప్పుడు స్టూడియోవాడు ఫోటోలతో పాటు ఇచ్చిన నెగటివ్‌ను వెలుగుకు పెట్టి చూసినవాళ్లకు ఆ వింత తెలుసు. తెలిసిన మనిషే, అయినా మొహం గుర్తుపట్టలేం. సినిమా మొత్తం అలా సాగేసరికి వెలుగు ఎక్కడి నుంచి పడుతోందో కన్ను తేల్చుకోలేదు. నీడ పడాల్సిన చోట వెలుగు ఉంటుంది. వెలుగు వైపు తిరిగిన చెంప చీకటైపోతుంది. ‘సలోమే’లో బార్కర్‌ను ఓడించిన చీకటి ఇక్కడ అతను చెప్పినట్టు వింటుంది.

మేకుల చెక్క వచ్చేది ఇందులోనే. చెక్క మీద గళ్లు గీసి, గీతలు కలిసే ప్రతిచోటా పొడవాటి మేకు కొట్టారు. దాని చుట్టూ లైటు కదులుతుంటే మేకుల నీడలు సాగుతాయి, కుదించుకుపోతాయి, పక్కకు ఒరుగుతాయి. నెగటివ్ కాబట్టి ఆ నీడలే మెరుస్తుంటాయి. అక్కడ కథ లేదు, మనిషి లేడు. లైటు కదిలితే ఏమవుతుందో చూద్దామన్న ఆసక్తి ఒక్కటే ఉంది. దాదాపు పదేళ్ల తర్వాత ఆ గళ్లనే మనిషి తలమీద గీసి, కలిసిన చోటల్లా మేకు దించితే పిన్‌హెడ్ అయ్యాడు. భయపెట్టే ఉద్దేశమే లేకుండా చేసిన ప్రయోగం కావడం వల్లే ఆ మొహం మనకు అంత గుర్తుండిపోయిందేమో. పళ్లూ గోళ్లూ ఉన్న రాక్షసులు చాలామందే ఉన్నారు. కొలతలు తీసి గీసిన మొహం మరొకటి కనిపించదు.

మేకుల్ని మించి ఈ సినిమాలో నన్ను కట్టిపడేసేది చర్మం ఒలిచే ఘట్టం. కత్తులు నెమ్మదిగా, పద్ధతిగా పనిచేసుకుపోతాయి. మనిషి అరవడు, అరిచినా మనకు వినపడదు. చూస్తుంటే 1543 నాటి వెసాలియస్ శరీరనిర్మాణ గ్రంథంలోని బొమ్మలు గుర్తొస్తాయి. వాటిలో చర్మం లేని మనుషులు కొండల ముందు, పల్లెల ముందు హుందాగా నిలబడి ఉంటారు. ‘హెల్‌రైజర్’లో చర్మం లేకుండా ఇంట్లో తిరిగే ఫ్రాంక్‌కు అన్న ఇతనే. కాకపోతే ఫ్రాంక్ రక్తంతో తడిసి, జుగుప్స పుట్టిస్తాడు. ఇక్కడ నెగటివ్‌లో రక్తం రక్తంలా ఉండదు కాబట్టి జుగుప్స పక్కకు తప్పుకుంటుంది. కళ్లు తిప్పుకోవాల్సిన దృశ్యాన్ని నిదానంగా చూస్తూ ఉండిపోతాం. అసలు ఇబ్బంది అదే.

ఈ సినిమాలు ఏళ్ల తరబడి బయటికి రాలేదు. 1990ల మధ్యలో వీడియో క్యాసెట్‌గా విడుదల చేసినప్పుడు సంగీతం కలిపారు. అది చెడ్డ సంగీతమేమీ కాదు, కానీ నా సలహా అయితే వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చూడమని. మూకీల కాలంలోనూ థియేటర్లలో పియానోలు మోగేవి కదా అని ఎవరైనా అడగొచ్చు. మోగేవి. ఆ దర్శకులకు అది ముందే తెలుసు, దానికి చోటు వదిలి తీశారు. ఇక్కడ కథ అది కాదు. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చి కూర్చున్న సంగీతం ప్రతి షాటుకీ ‘ఇప్పుడు టెన్షన్ పడండి’ అని చెబుతుంది. మన హారర్ సినిమాలకు అలవాటుపడ్డ చెవులకు ఇది బాగా తెలిసిన బాధే. తలుపు చప్పుడుకే సీట్లు అదిరిపోతాయి, తెర మీద మాత్రం ఏమీ ఉండదు. ‘ది ఫర్బిడెన్’ని నిశ్శబ్దంగా చూస్తే ఏ షాటు ఎప్పుడు భయపెడుతుందో మనమే తేల్చుకోవాలి.

ఇక మొదట చెప్పిన మాట సంగతి. 1980ల హారర్‌లో హంతకులు చాలావరకు మూగవాళ్లు. ‘హాలోవీన్’ సినిమాల్లో మాస్కు వేసుకున్న మైకేల్ మయర్స్ మాట్లాడడు, ‘ఫ్రైడే ది థర్టీన్త్’ సినిమాల జేసన్ మాట్లాడడు. ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’ సినిమాల ఫ్రెడ్డీ క్రూగర్ మాట్లాడినా రాన్రానూ జోకులు పేల్చే బాపతుగా మారాడు. అలాంటి రోజుల్లో మూకీలతో మొదలైన బార్కర్ తన రాక్షసుడికి సొగసైన భాష ఇచ్చాడు. నటుడు క్రిస్టఫర్ లీ వేసిన డ్రాక్యులా లాగా మర్యాద తెలిసిన, చదువుకున్నవాడిలా మాట్లాడే రాక్షసుడు కావాలనుకున్నాడు. మొదటి సినిమాలో పిన్‌హెడ్ కనిపించేది కొద్ది నిమిషాలే. క్రెడిట్స్‌లో ఆ పేరు కూడా లేదు, ‘లీడ్ సెనోబైట్’ (సెనోబైట్లు అంటే ఆ సినిమాలో వేరే లోకం నుంచి వచ్చే రాక్షసులు) అని మాత్రమే వేశారు. అయినా ఆ కొద్ది నిమిషాల మాటలే ఇప్పటికీ అభిమానుల నోళ్లలో నానుతున్నాయి.

పైకి విరుద్ధంగా కనిపించినా, నా లెక్కలో ఇది ఆ మూకీల ఫలితమే. ఒంటిని చూపించి కథ నడపడం నేర్చుకున్నవాడికి, జరుగుతున్నదాన్ని వివరించడానికి డైలాగు అక్కర్లేదు. గొలుసులు, కొక్కేలు, ఒలిచిన చర్మం తమ పని తాము చేసుకుంటాయి. అందుకే పిన్‌హెడ్ మాటలు బెదిరింపులుగా మారలేదు. అతను బేరం వింటాడు, సమాధానం చెబుతాడు, తమ నియమాలు ఏమిటో తెలియజేస్తాడు. ఫౌస్ట్ నుంచి తీసేసిన మాటలన్నీ చివరికి దెయ్యం వైపు చేరాయన్నమాట. తర్వాతి భాగాలు ఈ లెక్కను పాడుచేశాయి. పిన్‌హెడ్‌కు గిరాకీ ఉందని తెలిసి, 1992 నాటి మూడో భాగానికల్లా అతనితో ఉపన్యాసాలు ఇప్పించారు. మాట పెరిగేకొద్దీ భయం తగ్గింది.

దర్శకుడిగా బార్కర్ తీసిన ఫీచర్ సినిమాలు మూడే. రెండోదైన ‘నైట్‌బ్రీడ్’ను 1990లో స్టూడియో తన ఇష్టానికి కత్తిరించి వదిలింది. అతను అనుకున్న రూపానికి దగ్గరైన వెర్షన్ 2014లో గానీ రాలేదు. మూడోది ‘లార్డ్ ఆఫ్ ఇల్యూజన్స్’, 1995లో వచ్చింది. ఆ తర్వాత అతను ఎక్కువగా రచనకూ చిత్రలేఖనానికీ వెళ్లిపోయాడు. ఇంతమంది నిర్మాతల, పంపిణీదారుల వేళ్లు పడిన ఆ జాబితాలో, ఎవరి మాటా వినక్కర్లేకుండా అతను తీసుకున్న సినిమాలు లివర్‌పూల్ కుర్రాళ్ల రోజులవే. వాటిలో చూడాల్సింది ‘ది ఫర్బిడెన్’.