వెనిగర్ మీద బ్లీచ్ పోయమంటున్న ఆ మెసేజ్ ఇక పంపకండి

"గార్బేజ్ డిస్పోజల్‌ని రసాయనాలు లేకుండా, ప్రకృతికి హాని లేకుండా శుభ్రం చేసుకోండి" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. (గార్బేజ్ డిస్పోజల్ అంటే సింక్ రంధ్రం కింద బిగించే, తిండి చెత్తను నుజ్జు చేసి పైపులోకి పంపే మోటార్ యంత్రం.) పంపినవాళ్లందరికీ విడివిడిగా జవాబిచ్చే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. అందులో ఉన్నది ఇదీ: వంటసోడా, వెనిగర్ పోస్తే నురగ మురికినంతా లాగేస్తుందట. గుడ్డు పెంకులు, ఐస్ ముక్కలు వేస్తే బ్లేడ్లు పదునెక్కుతాయట. నిమ్మతొక్కలు క్రిముల్ని చంపుతాయట. మరిగే నీళ్లు జిడ్డు వదిలిస్తాయట. ఇంకా వాసన వస్తుంటే ఆ వెనిగర్ మీదే అరకప్పు బ్లీచ్ పోసి మూత పెట్టాలట.

ఆ చివరిదే ముందు చూద్దాం, ఎందుకంటే మిగతావి పని చేయకపోతే పోయేదేమీ లేదు, ఇది మనిషిని ఆసుపత్రికి పంపుతుంది. బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. దానికి ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. వెనిగర్ ఆమ్లమే, నిమ్మరసమూ ఆమ్లమే. ఈ వాయువు గాలికంటే బరువైనది కాబట్టి సింక్‌లోనే పేరుకుంటుంది, వాసన పోయిందో లేదోనని మనం ముఖం వంచేది కూడా అక్కడికే. కళ్లు మండుతాయి, దగ్గు ఆగదు, ఛాతీ పట్టేస్తుంది, ఎక్కువగా పీలిస్తే కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా? పైగా మూత పెట్టమంటున్నారు, మరి ఆ మూత తీసేదెవరు? "సోడా వేశాంగా, వెనిగర్ విరిగిపోతుంది" అని ఒకరు వాదించారు. కంటి కొలతతో పోసినప్పుడు వెనిగర్ ఎంత మిగిలిందో ఎవరికి తెలుస్తుంది? అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో బ్లీచ్ కలిపినా విషవాయువే, అది క్లోరమైన్. పొరపాటున ఇప్పటికే కలిపేసి ఉంటే దాన్ని సరిచేయడానికి ఇంకేదో పోయకండి, మోటార్ వేయకండి, వెంటనే అందరూ బయటి గాలిలోకి వెళ్లండి, దగ్గు గానీ ఆయాసం గానీ ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంత ప్రమాదాన్ని "రసాయనాలు లేకుండా" అనే మాట కింద పెట్టి పంచుతుంటే కోపం రాదా?

సోడా, వెనిగర్ సంగతి. ఆ నురగ కార్బన్ డయాక్సైడ్, అంతే. రెండూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది కాస్త ఉప్పునీళ్ల లాంటి ద్రావణం. డిస్పోజల్ లోపలి గోడలకు అంటిన జిడ్డు దానికి కదలదు. కానీ వంటసోడా ఒక్కదాన్నే తడి బ్రష్ మీద చల్లుకుని రుద్దితే మాత్రం నిజంగా పని చేస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే.

బ్లేడ్లు పదునెక్కడం? లోపల కత్తుల్లాంటి బ్లేడ్లే లేవు. తిరిగే పళ్లెం మీద మొద్దు లోహపు ముక్కలుంటాయి, అవి చెత్తను విసురుగా చుట్టూ ఉన్న గరుకు రింగుకేసి కొడతాయి. పదును పెట్టడానికి ఏముందక్కడ? గుడ్డు పెంకుల పొడి పైపు వంపులో చేరి కూర్చుంటుంది. ఐస్ ముక్కలు మాత్రం, కాస్త రాళ్లుప్పుతో వేస్తే, గోడలకు అంటినదాన్ని గీకి ఊడదీస్తాయి. చెప్పిన కారణం తప్పు, చిట్కా మాత్రం మంచిదే.

నిమ్మతొక్క మంచి వాసన ఇస్తుంది, ఇంకేమీ చేయదు. చిన్న ముక్కలుగా వేసుకోండి. మరిగే నీళ్లు జిడ్డును కరిగిస్తాయి నిజమే, కరిగిన జిడ్డు పైపులో ముందుకెళ్లి అక్కడ గడ్డకడుతుంది. డిస్పోజల్ తిరిగేటప్పుడు చన్నీళ్లే వదలాలి.

అసలు వాసన ఎక్కువగా ఎక్కడినుంచి వస్తుందో ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు: సింక్ రంధ్రంలో ఉండే రబ్బరు రెక్కల అడుగువైపు నుంచి. మనకు కనపడదు, ఎగిరిన మురికంతా అక్కడే అంటుకుంటుంది. ప్లగ్ తీసేసి, లేదా బ్రేకర్ ఆపేసి, పాత టూత్‌బ్రష్‌కి గిన్నెలు తోమే సబ్బు పెట్టి ఆ రెక్కల్ని ఎత్తి కింద రుద్దండి. లోపల ఏదైనా ఇరుక్కుంటే పట్టకారుతో తీయండి, చేయి పెట్టొద్దు. తర్వాత కరెంటు ఇచ్చి, సింక్ రంధ్రం మూసి సగం వరకు సబ్బునీళ్లు నింపి, మోటార్ వేసి బిరడా లాగండి. నీళ్లన్నీ ఒక్కసారిగా దిగి లోపలి గోడల్ని పైదాకా కడిగేస్తాయి.

ఆ మెసేజ్‌ని ఇప్పటికే పంపినవాళ్లు డిలీట్ చేసి ఊరుకోకండి, చదివినవాళ్లు చదివేశారు. ఏయే గ్రూపుల్లో పెట్టారో వాటన్నిటిలో బ్లీచ్ మాట తప్పు అని రాయండి, ఈ రోజే.